జొన్నాకు మీద ఎర్ర మచ్చ: తెగులు పెట్టిందా, జొన్నే పెట్టుకుందా?

కుండీరైతు

అందరికీ నమస్కారం. నేను వ్యవసాయం చదివినవాణ్ణి కాదు, లెక్కలు చూసుకునే ఉద్యోగం నాది. సరదాకి పెద్ద కుండీల్లో జొన్న, మొక్కజొన్న పక్కపక్కనే పెంచుతున్నాను. ఈమధ్య వరసగా నాలుగు రోజులు ముసురు పట్టింది. తెరిపిచ్చాక చూస్తే రెండింటి ఆకుల మీదా మచ్చలు. మొక్కజొన్న మచ్చలు నేను ఊహించినట్టే ఎండుగడ్డి రంగులో ఉన్నాయి. జొన్నవి మాత్రం కుంకుమ చల్లినట్టు ఎర్రగా ఉన్నాయి. కొన్ని గుండుసూది తలంత, కొన్ని చింతగింజంత.

మొదట బూజు రంగే ఎరుపేమో అనుకున్నాను. తడి దూదితో తుడిస్తే దూదికి రంగు అంటలేదు. తర్వాత మచ్చ అనేదే లేని పచ్చటి ఆకు ఒకటి చూసుకుని, సూదిమొనతో అంగుళం పొడవున గీత గీశాను. మర్నాటికి గీత అంచులు ఎర్రబడ్డాయి. మూడో రోజుకి అచ్చం మచ్చల రంగే. మొక్కజొన్న ఆకు మీద కూడా అలాగే గీశాను. అది తెల్లగా ఎండిపోయింది, ఇంకేం జరగలేదు.

అంటే ఎరుపు బూజుది కాదు, జొన్నది. ఇక్కడిదాకా నా బుర్రకి అందింది. ధాన్యపు మొక్కలు బూజుని చంపే రసాయనాలు సొంతంగా తయారు చేసుకుంటాయని ఎక్కడో చదివాను. ఈ ఎరుపు అదేనా? అదే అయితే, మందు ఒంట్లోనే పెట్టుకుని తెగులెందుకు తెచ్చుకుంటోంది? మొక్కజొన్నకి అసలు మందే లేదా? ఇంకో చిన్న ప్రశ్న, మచ్చలున్న ఆకులు కోసెయ్యాలా, ఉంచాలా?

ల్యాబమ్మ

సూదితో గీసి చూశారు చూడండి, అక్కడే నచ్చేశారు నాకు. మచ్చ కనపడగానే ఏం కొట్టాలి అని అడిగేవాళ్లే అందరూ. ఆ మచ్చ ఎవరిది అని అడిగినవాళ్లు నాకు ఎక్కువమంది తగల్లేదు.

నా సంగతి ముందే చెప్తాను. నేను సైంటిస్టుని కాను. మొక్కల తెగుళ్ల ల్యాబులో ముప్ఫై ఏళ్లు స్లైడ్లు చేసిపెట్టిన మనిషిని. అందులో సగం కాలం జొన్నతోనే గడిచింది. అందుకే మీ ప్రశ్న చూశాక చేతులు ఊరుకోలేదు.

ఆ ఎరుపు జొన్నదే. ముఖ్యంగా రెండు పదార్థాలు: అపిజెనినిడిన్, ల్యూటియోలినిడిన్. పూలకీ పళ్లకీ ఎరుపు, ఊదా రంగులిచ్చే ఆంథోసయనిన్లకి ఇవి దగ్గరి చుట్టాలు. ఆంథోసయనిన్ అణువులో ఒకచోట ఉండే హైడ్రాక్సిల్ గుంపు వీటిలో ఉండదు. పని కూడా వేరు. ఇవి బూజు స్పోర్లని, అంటే దాని విత్తనాల్లాంటివాటిని, మొలవనివ్వవు, మొలిచినా సాగనివ్వవు. రెండింట్లో ల్యూటియోలినిడిన్‌కి ఘాటెక్కువ. తెగులుని తట్టుకునే జొన్న రకాల్లో అది త్వరగా వస్తుంది, ఎక్కువగా వస్తుంది. తట్టుకోలేని రకాల్లో ఎరుపు రాదని కాదు, ఆలస్యంగా వస్తుంది. ఈ ఆలస్యం అన్నమాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

నేను కళ్లారా చూసింది చెప్తాను. జొన్న గింజల్ని తడి కాగితంలో చుట్టి నాలుగు రోజులు చీకట్లో ఉంచుతాం. గింజకీ మొదటి ఆకు తొడుగుకీ మధ్య ఉండే కాడ వెలుతురు వెతుక్కుంటూ తెల్లగా, పొడుగ్గా సాగుతుంది. పచ్చదనం ఉండదు కాబట్టి లోపల జరిగేదంతా స్పష్టంగా కనిపిస్తుంది. దాని మీద స్పోర్లు కలిపిన నీళ్లు చల్లి, తేమ ఆరకుండా మూత పెట్టేస్తాం. మర్నాడు పైపొరలో చిన్న ముక్క ఒలిచి మైక్రోస్కోపు కింద పెడితే, స్పోరు మొలిచి, దాని చివర ఒక ముదురు బుడిపె కట్టి, కణం గోడకి అంటుకుని కనిపిస్తుంది. లోపలికి చొరబడేది ఆ బుడిపె కిందనుంచే.

సరిగ్గా ఆ బుడిపె కిందున్న కణంలో చిన్న చిన్న బుడగల్లాంటివి పోగవుతూ ఉంటాయి. మొదట వాటికి రంగుండదు. కాసేపాగి చూస్తే లేత నారింజ. ఇంకాసేపటికి ఎరుపు. కణమంతా తిరగడం మానేసి అవన్నీ దాడి జరుగుతున్న మూలకే జరుగుతాయి. ఒకదాంట్లో ఒకటి కలిసి పెద్దవవుతాయి, చివరికి పగులుతాయి. రంగు కణమంతా నిండి గోడలకి పట్టేస్తుంది. లోపలికొచ్చిన బూజు పోగు చస్తుంది. దాంతో పాటు ఆ కణమూ చస్తుంది. ఆ ఎర్రటి గది పక్కనే, గోడ అవతల, ఏమీ ఎరగనట్టు తెల్లగా ఇంకో కణం ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు టీకి వెళ్దామని పిలిచినవాళ్లకి నేను జవాబు కూడా చెప్పలేదట.

దీన్ని లోకానికి చూపించింది అమెరికాలోని పర్డ్యూ యూనివర్సిటీలో రాల్ఫ్ నికల్సన్, ఆయన బృందం. 1987లో జొన్న లేతాకుల్లో ఈ పదార్థాలని గుర్తించారు, 1990లో ఈ బుడగల కథ రాశారు. వాళ్లదే ఇంకొకటి నాకు చాలా ఇష్టం. చీకట్లో పెరిగిన మొలకని వెలుతురులోకి తెస్తే మామూలుగా ఆంథోసయనిన్‌తో ఎర్రబడుతుంది. అదే స్పోర్లు చల్లి తెస్తే ఆ వెలుతురు రంగు తగ్గిపోతుంది. రెండు రంగులూ దాదాపు ఒకే ముడిసరుకుతో తయారవుతాయి. ఇంటి మీద దొంగలు పడ్డప్పుడు గోడకి సున్నం వేసుకుంటూ కూర్చోరు కదా. జొన్న కూడా అంతే, సోకు పని పక్కన పెట్టి సరుకంతా అటు మళ్లిస్తుంది.

ఇక మీ మొక్కజొన్న. దానికి మందు లేక కాదు, దాని మందుకి రంగు లేదు. మొక్కజొన్న కూడా దాడి జరిగాక కౌరలెక్సిన్లు, జియలెక్సిన్లు అనే టెర్పీన్ జాతి పదార్థాలు చేసుకుంటుందని 2011లో బయటపడింది. మీ సూదిగీత దగ్గర కూడా ఏదో ఒక హడావుడి జరిగే ఉంటుంది, మీ కంటికి ఆనలేదు. ఈ విషయంలో జొన్న మనకి దొరికిన అదృష్టం, అన్నీ రంగేసి చూపిస్తుంది.

ఆకులు కోయడం గురించి. ఎరుపు చూసి నిర్ణయించకండి, మచ్చ మధ్యభాగం చూడండి. గుండుసూది తలంత ఉండి మొత్తం ఎర్రగా ఉంటే అక్కడ బూజు ఆగిపోయి ఉండొచ్చు, లేదా ఏ పురుగో గీరి ఉండొచ్చు. మచ్చ పెద్దదై, అంచు ఎర్రగా, మధ్య గడ్డిరంగులో ఎండి ఉంటే భూతద్దం తీయండి. ఎండిన చోట నల్లచుక్కలు, వాటి మీద ముళ్లలాంటి నల్లటి వెంట్రుకలు కనిపిస్తే అది ఆంత్రాక్నోస్ అనే బూజు తెగులు. అంటే బూజు ఎర్రగీత దాటి బయటపడి, కొత్త స్పోర్లు పెడుతోందన్నమాట. అలాంటి ఆకులే తీసి దూరంగా పారేయండి.

సందేహాలపుట్ట

మేడమ్, నాదో ఎదురు ప్రశ్న. సూది గీతకే ఎర్రబడిందంటే, బూజు లేకుండానే జొన్న మందు ఖర్చు పెట్టేసినట్టేగా? అంత తొందరపాటు మొక్క, ముందే తయారు చేసుకుని ఒంట్లో ఉంచుకోవచ్చుగా? దాడి జరిగాక వంట మొదలుపెట్టడం ఏం తెలివి?

ల్యాబమ్మ

గీత సంగతి ముందు. ఆకు పైతోలు తెగిందంటే బూజుకి తలుపు తీసినట్టే. తెగిన చోట స్పోరు పడేదాకా ఆగి రుజువులు అడిగే తీరిక మొక్కకి ఉండదు. అందుకే గాయం అయినా కంగారు పడుతుంది. దాన్ని వృథా అనను.

ముందే తయారు చేసి ఉంచుకునేవి కూడా ఉన్నాయండీ. ఓట్స్ మొక్క వేరు తీసి యూవీ దీపం కింద పెట్టండి, వేరు కొసలు నీలంగా వెలుగుతాయి. దీపావళి మందు కాదు, అవెనసిన్. బూజు వచ్చినా రాకపోయినా వేరు పైపొర కణాల్లో అది నిల్వ ఉంటుంది. సాపోనిన్ల జాతి, అంటే మన కుంకుడుకాయకి నురగ తెప్పించేవాటి బంధువు. బూజు కణాల పొరలో ఉండే స్టెరాల్స్ అనే కొవ్వు జాతి పదార్థాలని పట్టుకుని పొరకి చిల్లులు పెడుతుంది.

గోధుమ, బార్లీ వేళ్లని నల్లగా కుళ్లబెట్టే టేక్-ఆల్ అనే తెగులుంది. ఆ బూజు ఓట్స్ జోలికి రాలేదు, అవెనసిన్ పుణ్యం. కానీ దానికో తమ్ముడున్నాడు, ఓట్స్‌ని కూడా తినే రకం. వాడి దగ్గర అవెనసిన్‌కి తగిలించి ఉన్న చక్కెర ముక్కల్ని కత్తిరించే ఎంజైమ్ ఉంది. చక్కెర పోతే మందు పదును పోతుంది. ఇంగ్లండులోని నారిచ్‌లో ఆన్ ఆస్‌బర్న్ బృందం 1995లో ఆ ఎంజైమ్ జన్యువుని బూజులోంచి తీసేసి చూసింది. ఆ బూజు గోధుమని మామూలుగానే కుళ్లబెట్టింది, ఓట్స్ దగ్గర మాత్రం చేతులెత్తేసింది. 1999లో రెండోవైపు నుంచి వచ్చారు: యూవీ కింద వేరు వెలగని ఓట్స్ మొలకల్ని ఏరి పట్టుకున్నారు. అవెనసిన్ చేసుకోలేని ఆ మొలకలకి మామూలు ఓట్స్‌కి రాని తెగుళ్లు పట్టుకున్నాయి. మందుని తీసి చూశారు, విరుగుడుని తీసి చూశారు, రెండుసార్లూ ఒకే జవాబు వచ్చింది. నా లెక్కలో అసలు రుజువంటే అది. ఒక పదార్థాన్ని గాజు పళ్లెంలో బూజు మీద పోసి, చచ్చింది కాబట్టి మొక్కలో కూడా ఇదే కాపాడుతోంది అనేవాళ్లని నేను చాలామందిని చూశాను.

మొక్కజొన్న, గోధుమ, రై (గోధుమలాంటి ఇంకో ధాన్యం) వాడేది ఇంకో పద్ధతి. రెండు ట్యూబులుగా వచ్చే జిగురు చూశారుగా, విడివిడిగా ఉన్నంతసేపూ ఏమీ కాదు, కలిపితే గట్టిపడుతుంది. వీటి మందు డింబోవా. దానికి గ్లూకోజు తగిలించి, విషం తెలియకుండా చేసి, కణం మధ్యనుండే నీటి సంచిలో దాస్తాయి. గ్లూకోజుని ఊడబెరికే ఎంజైమ్ ఆ సంచిలో ఉండదు, కణంలోనే ప్లాస్టిడ్లు అనే వేరే చిన్న అరల్లో ఉంటుంది. ఆకు నలిగి కణం చితికినప్పుడే రెండూ కలుస్తాయి. ఈ జాతి పదార్థాల కథ మొదలైంది రైలో. 1950లలో ఫిన్లండులో, అప్పటికే నోబెల్ అందుకున్న ఆర్టూరి వీర్టానెన్, రై మొలకల్లో ఫ్యూజేరియం బూజుని ఆపే పదార్థం ఉందని కనిపెట్టాడు. మొక్కజొన్నలో దీన్ని తయారు చేసే ఐదు జన్యువులు నాలుగో క్రోమోజోము మీద ఒకేచోట గుంపుగా ఉన్నాయని 1997లో తేలింది. బార్లీ ఈ విద్య మర్చిపోయింది. మనం సాగు చేసే బార్లీలో ఈ జాతి మందు లేదు, అడవి చుట్టాల్లో కొన్నింటికి ఉంది. బదులుగా హోర్డటీన్లనీ, కొన్ని రకాల్లో గ్రామీన్ అనే ఆల్కలాయిడ్‌నీ పెట్టుకుంది.

వరి కూడా చెప్పేస్తాను, లేకపోతే ఎవరో ఒకరు అడుగుతారు. దాని మందు మోమిలాక్టోన్లు. 1973లో వీటిని మొదట తీసింది ఊకలోంచి, అదీ బూజు కోసం కాదు, పక్క గింజల్ని మొలవనివ్వని పదార్థం ఏమిటా అని వెతుకుతూ. అగ్గితెగులు సోకిన ఆకుల్లోనూ ఇవే వస్తాయని ఆ తర్వాత నాలుగేళ్లకి తెలిసింది. వేళ్లనుంచి మట్టిలోకి కూడా కారతాయి, కలుపుని అణచడానికి. ఒక్క సరుకుతో రెండు పనులు. పొదుపైన మొక్క.

పొలంమనిషి

అమ్మా, మీరు చెప్పింది శ్రద్ధగా చదివాను. వరికి ఇంత మందు ఒంట్లోనే ఉంటే నేను అగ్గితెగులుకి ప్రతిసారీ ఎందుకు కొడుతున్నట్టు? పోయినసారి ఒకాయన వచ్చి, ఇది బూజుని చంపదు, మొక్కలో ఇమ్యూనిటీ లేపుతుంది అని ఒక సీసా అంటగట్టాడు. మచ్చలు వచ్చాక కొట్టాను. మచ్చలు అలాగే ఉన్నాయి, ఆయన మాత్రం మళ్లీ కనపడలేదు. ఈ ఇమ్యూనిటీ మాటలో నిజం ఎంత?

ల్యాబమ్మ

మీ కోపం న్యాయమైనదేనండీ. రెండు భాగాలుగా చెప్తాను.

మందు ఉండీ ఎందుకు తెగులు వస్తోంది అంటే, ఇందాక ఆలస్యం అన్నాను కదా, అదే. అగ్గితెగులు స్పోరు తడి ఆకు మీద పడితే రెండు గంటల్లో మొలకెత్తుతుంది. ఎనిమిది గంటలు తిరిగేసరికి బుడిపె కట్టేస్తుంది. ఆ బుడిపె గోడకి మెలనిన్ అనే నల్లరంగు పూత పూసుకుని లోపల ఒత్తిడి పెంచుకుంటుంది. ఎంతనుకున్నారు? వాతావరణ ఒత్తిడికి 80 రెట్ల దాకా. కారు టైరులో గాలి దీని ముందు ముప్ఫయ్యో వంతు కూడా కాదు. ఆ బలంతో సన్నటి మేకులాంటిదాన్ని ఆకులోకి దిగేస్తుంది. ఒక రోజు తిరిగేలోపు బూజు లోపల ఉంటుంది. మీరు కొట్టేది ట్రైసైక్లజోల్ అయితే, అది చేసే పనల్లా ఆ మెలనిన్ పూత పడకుండా ఆపడమే. పూత లేకపోతే ఒత్తిడి నిలవదు, మేకు దిగదు. అందుకే అదీ ముందు కొట్టాల్సిన మందే.

వరికి ఆ ఒక్క రోజే గడువు. మొక్క బూజుని గుర్తుపట్టేది దాని గోడలో ఉండే కైటిన్ ముక్కల్ని బట్టి. వరి కణం పైన ఆ ముక్కల్ని పట్టుకునే ప్రోటీన్ ఉందని 2006లో కనుక్కున్నారు. అది కైటిన్‌ని తాకితే లోపల గంట మోగుతుంది, హైడ్రోజన్ పెరాక్సైడ్ ఊరుతుంది, మోమిలాక్టోన్ల జన్యువులు లేస్తాయి. మరి బూజు ఏమన్నా తక్కువ తిందా? తన కైటిన్ ముక్కల్ని తానే పట్టి దాచేసే ప్రోటీన్ ఒకటి వదులుతుంది. గంట కొట్టేవాడి చేతులు కట్టేసినట్టు. ఒకవేళ మోమిలాక్టోన్ వచ్చినా, దాన్ని విరగ్గొట్టే శక్తి కూడా అగ్గితెగులు బూజుకి ఉంది. తట్టుకునే రకం వరిలో, సోకిన చోట మందు త్వరగా, దండిగా వచ్చిపడుతుంది, బూజు విరగ్గొట్టేలోపే. తట్టుకోలేని రకంలో అదే మందు తీరిగ్గా వస్తుంది. పెళ్లయ్యాక వాయించిన సన్నాయి.

యూరియా సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. నత్రజని ఎక్కువైన చేనుకి అగ్గితెగులు ఎలా పట్టుకుంటుందో నాకన్నా మీరే ఎక్కువ చూసి ఉంటారు.

ఇక ఆ సీసా. ఇమ్యూనిటీ లేపడం అనే మాట అబద్ధం కాదు. ప్రొబెనజోల్ అని ఒకటుంది, జపానులో 1975 నుంచి వరి అగ్గితెగులుకి వాడుతున్నారు. బూజుని నేరుగా చంపే బలం దానికి పెద్దగా లేదు, మొక్కని మేల్కొలిపి ఉంచుతుంది. మేల్కొన్న మొక్క దాడి జరిగినప్పుడు తొందరగా లేస్తుంది. కానీ చూశారా, ఇదంతా దాడికి ముందు జరగాలి. మచ్చ కనపడిందంటే బూజు అప్పటికే కొన్ని రోజులుగా లోపల కాపురం చేస్తోంది. మీకు ఇచ్చిన సీసాలో ఏముందో నేను చెప్పలేను. అసలైనదే ఉన్నా, మచ్చలొచ్చాక కొట్టమన్నవాడికి ఆ మందు పని తెలియదు. మళ్లీ ఎవరైనా వస్తే ఒకటే అడగండి: మచ్చ రాకముందు ఎన్ని రోజులకి కొట్టాలి? జవాబు తడుముకుంటే పంపించేయండి.

కుండీరైతు

మేడమ్, ముందుగా నన్ను నువ్వు అనండి, నా వయసు మీ సర్వీసంత కూడా లేదు. రెండోది, భూతద్దంతో చూశాను. పెద్ద మచ్చలు పదకొండింటిలో ఏడింటి మధ్యలో నల్లచుక్కలు. వాటి మీద వెంట్రుకలు కూడా ఉన్నాయి, చూస్తే కాస్త జుగుప్స కలిగింది. ఆ ఆకులు తీసేశాను. చిన్నవి మాత్రం వారం నుంచి పెరగలేదు.

ఇప్పుడింకో డౌటు. ఆలస్యమే సమస్య అయితే, ఎప్పుడూ ఒంటినిండా మందు ఉండే రకాన్ని పెంచేస్తే పోలేదా? ఓట్స్ వేరులాగా ఆకంతా నింపేస్తే?

ల్యాబమ్మ

సరే నాయనా, నువ్వు అనే అంటాను.

జొన్నకి ఇంకో మందు కూడా ఉంది, నీ ప్రశ్నకి సగం జవాబు దాన్లోనే ఉంది. లేత జొన్న, కోత తర్వాత మోళ్లనుంచి లేచిన పిలకలు మేసి పశువులు పడిపోతాయి కదా, నాము అంటాం. అది డ్యూరిన్. ఆకు నలిగితే సయనైడ్ వస్తుంది. ఇక్కడా రెండు ట్యూబుల పద్ధతే. పశువునే పడగొట్టే విషం ఒంట్లో పెట్టుకున్న మొక్కకి బూజు ఏపాటిది అనిపిస్తుందా? జొన్నాకు మీద వలయాలు వలయాలుగా మచ్చపెట్టే బూజు ఒకటుంది, గ్లియోసెర్కోస్పోరా. సయనైడ్‌ని నీటితో కలిపి ఫార్మమైడ్‌గా మార్చే ఎంజైమ్ దాని దగ్గరుంది. హాయిగా తింటుంది. అంటే ఎప్పుడూ ఉండే మందుకి బూజు ఎప్పటికైనా అలవాటు పడుతుంది, ఈలోగా దెబ్బతినేది మనమూ పశువులూ. మొక్కజొన్న కంకి కుళ్లబెట్టే ఫ్యూజేరియం కూడా అంతే, డింబోవా కుటుంబం విరిగి వచ్చే పదార్థాలని అరాయించుకోవడం నేర్చుకుంది.

ఖర్చు కూడా ఉంది. మొలకెత్తిన మొదటి రోజుల్లో మొక్కజొన్నలో డింబోవా దండిగా ఉంటుంది, మొక్క పెరిగేకొద్దీ తగ్గిపోతుంది. గింజలోంచి తెచ్చుకున్న సరుకుతో పసితనంలో కవచం కట్టుకుంటుంది, తర్వాత ఆ నత్రజని ఆకుకీ కంకికీ కావాలి. పైగా ఇందాక చెప్పానుగా, జొన్న బుడగ పగిలితే కణం కూడా చస్తుంది. ఆకంతా అదే నింపితే ఆకు మిగలదు. ఒక్కో కణాన్ని బలిస్తుంది కాబట్టే మొక్కకి గిట్టుబాటు అవుతోంది.

పెంపకందార్లు చేతులు ముడుచుకు కూర్చోలేదులే. బూజుని చంపే మందు పెంచడం వదిలేసి, బూజు వదిలే విషాన్ని విరిచే దారిలో వెళ్తున్నవాళ్లున్నారు. గోధుమ కంకిని ఎండబెట్టే ఫ్యూజేరియం డాన్ అనే విషం వదులుతుంది. ఆ విషానికి గ్లూటాథయాన్ అనే చిన్న అణువుని తగిలించి పదును తీసేసే జన్యువు ఒకటి, ఎఫ్‌హెచ్‌బీ7, గోధుమకి దూరపు చుట్టమైన గడ్డిలో దొరికింది. 2020లో షాన్‌డాంగ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు బయటపెట్టారు. ఆ జన్యువుకి దగ్గరి పోలిక ఇతర మొక్కల్లో కనపడలేదట. గడ్డిలోపల ఉండే ఎపిక్లోయి అనే బూజులో కనపడింది. అంటే గడ్డి ఆ విద్యని ఎప్పుడో ఒక బూజు దగ్గరే కొట్టేసిందన్నమాట. బూజులే మన మందు విరగ్గొట్టడం నేర్చుకుంటాయి అనుకునేదాన్ని, ఈ వార్త చదివి తెగ నవ్వుకున్నాను.

నీకు చెయ్యి దురద ఉంది కాబట్టి ఒక పని చెప్తాను. నేను చెప్పిన చీకటి మొలకల ప్రయోగం నువ్వే చెయ్యొచ్చు. అన్నీ ఒకే రకం గింజలు తీసుకో. నల్లచుక్కలున్న ఆకు ముక్కని నీళ్లలో కదిపి ఆ నీళ్లు సగం మొలకల మీద, కాచి చల్లార్చిన నీళ్లు మిగతా సగం మీద చుక్క చుక్కగా పెట్టు. చీకటి పెట్టెలోనే ఉంచు. ఈ ఎరుపుకి వెలుతురు అక్కర్లేదు, చీకట్లో పెడితే ఆంథోసయనిన్ గొడవ ఉండదు. పని అయ్యాక మొలకల్ని మరిగే నీళ్లలో వేసి పారెయ్, స్పోర్లు కుండీలకి పాకకుండా.

కుండీరైతు

మేడమ్, ఫలితాలు. పన్నెండు మొలకలు, ఆరూ ఆరు. తడి కాగితం, చెప్పుల అట్టపెట్టె. రెండో రోజు పొద్దున టార్చి వేసి చూశాను, అన్నీ తెల్లగానే ఉన్నాయి, నిరుత్సాహపడ్డాను. మూడో రోజు రాత్రికి ఆకు నీళ్లు పెట్టిన ఆరింటిలో నాలుగింటి మీద నారింజ చుక్కలు, సరిగ్గా నీటిబొట్టు పెట్టిన చోటే. ఒకటి బాగా ముదిరి ఇటుక రంగుకొచ్చింది. మిగతా రెండూ తెల్లగా ఉండిపోయాయి.

కాచిన నీళ్ల వరసలో ఐదు తెల్లగా ఉన్నాయి. ఆరోదాని మీద మాత్రం సన్నటి ఎర్ర గీత ఉంది. దాన్నెలా లెక్కవేయాలో తెలియలేదు. నీళ్లు సరిగ్గా కాగలేదా?

ల్యాబమ్మ

చుక్కా, గీతా?

కుండీరైతు

గీతే మేడమ్. కాడకి అడ్డంగా, కొంచెం వంపు తిరిగి.

ల్యాబమ్మ

గోరు తగిలింది. మొలకని కాగితం మీద సర్దేటప్పుడు పట్టుకుని ఉంటావు. ఈసారి గోళ్లు కత్తిరించుకుని, మొలకని గింజ దగ్గర పట్టుకో, కాడని ముట్టుకోకు. తెల్లగా ఉండిపోయిన ఆ రెండింటి మీద నీళ్లు నిలిచాయో జారిపోయాయో కూడా రాసిపెట్టుకో.